క్లాసులో ఎంతమంది? ఆ అంకెను నమ్మే ముందు చూసుకోవలసినవి

సంక్రాంతి సెలవులు అయిపోవస్తుండగా మా అన్న కూతురు శ్రీలత నాగోల్ నుంచి తార్నాకలో మా ఇంటికి వచ్చింది. సంచిలో రెండు స్కూళ్ల బ్రోచర్లు. జూన్‌లో వాళ్ల బాబు ఒకటో తరగతిలో చేరాలి. ఒక బ్రోచర్ అట్ట మీదే ‘సెక్షన్‌కు 25 మంది మాత్రమే’ అని పెద్దక్షరాల్లో ఉంది. రెండో దాంట్లో ఆ ఊసే లేదు. వెళ్లి అడిగితే 42 మంది అన్నారట. ఫీజులో తేడా ఏడాదికి నలభై వేలు.

“అత్తమ్మా, నువ్వు ముప్పై ఏండ్లు లెక్కలు చెప్పినవు కద. తక్కువ మంది ఉంటే నిజంగనే మంచిగ చదువుతరా? నలభై వేలు ఎక్కువ పెట్టాల్నా వద్దా, గదొక్కటి చెప్పు” అంది.

అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పి పంపలేకపోయాను. నా ఉద్యోగ జీవితమంతా ఈ ప్రశ్న నా పక్కనే కూర్చుని ఉంది. 71 మందికి ఒకే గదిలో బీజగణితం చెప్పాను, 18 మందికీ చెప్పాను. రిటైరయ్యాక దీని మీద పరిశోధకులు ఏం తేల్చారో ఓపిగ్గా చదువుకున్నాను. ఆ మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా శ్రీలతకు చెప్పిన పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. పిల్లల్ని చేర్పించబోయే తల్లిదండ్రులకు, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీల్లో ఉన్నవాళ్లకు, కొత్తగా టీచర్లయిన వాళ్లకు పనికొస్తుంది.

ముందు అది ఏ అంకో తేల్చుకోండి

‘టీచరుకు ఎంతమంది పిల్లలు’ అన్నది ఒక లెక్క. ‘గదిలో ఎంతమంది పిల్లలు’ అన్నది ఇంకో లెక్క. పేపర్లో వార్త చదివినా, బ్రోచర్ చదివినా, మీ ముందున్నది ఈ రెండింటిలో ఏదో ముందు చూడండి.

ఒక హైస్కూల్లో 600 మంది పిల్లలు, 24 మంది టీచర్లు అనుకుందాం. భాగిస్తే టీచరుకు 25 మంది. చాలా బాగుందనిపిస్తుంది. కానీ అక్కడ సెక్షన్లు 12. గదికి 50 మంది. ఏ టీచరూ రోజులో అన్ని పీరియడ్లూ చెప్పరు. పీఈటీ, డ్రాయింగ్, హిందీ పండిట్ అందరూ ఆ 24లోనే ఉంటారు. ప్రైవేటు స్కూలు ‘1:20’ అని రాసుకుంటే డ్యాన్సు మాస్టారిని, లైబ్రేరియన్‌ను కూడా కలిపారా అని అడగడంలో తప్పేమీ లేదు.

దీనికి తిరగబడిన లెక్క మన పల్లెల్లో కనబడుతుంది. ఒక ప్రాథమిక పాఠశాలలో ఐదు తరగతులు కలిపి 58 మంది, టీచర్లు ఇద్దరు. టీచరుకు 29 మందే. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి: 60 మంది దాకా ఇద్దరు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు, 121 నుంచి 200 దాకా ఐదుగురు. కానీ ఆ ఇద్దరిలో ఒకరి ముందు ఒకటి, రెండు తరగతుల పిల్లలు, ఇంకొకరి ముందు మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు కలిసి కూర్చుంటారు. మూడో తరగతికి గుణకారం చెబుతుంటే ఐదో తరగతి వాళ్లు కిటికీలోంచి బయటికి చూస్తుంటారు. కాగితం మీది 29, ఆ గదిలోని 29 ఒకటి కావు. ఆరు నుంచి ఎనిమిది దాకా చట్టం చెప్పేది ప్రతి 35 మందికి కనీసం ఒక టీచర్ అని. అదీ టీచర్ల లెక్కే గానీ గదిలో బెంచీల లెక్క కాదు.

ఆ పిల్లలు ఆ గదిలోకి ఎలా వచ్చారు

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. నేను పొరబడిన చోటు కూడా ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఉప్పల్ దాటాక ఒక ప్రభుత్వ హైస్కూల్లో పనిచేస్తున్నప్పుడు ఆరో తరగతికి కొత్తగా ఇంగ్లిష్ మీడియం సెక్షన్ తెరిచారు. అందులో 31 మంది, తెలుగు మీడియంలో 58 మంది. రెండింటికీ లెక్కలు నేనే. అర్ధసంవత్సర పరీక్షల్లో ఇంగ్లిష్ మీడియం సెక్షన్ సగటు 20 మార్కులు ఎక్కువ వచ్చింది. స్టాఫ్ మీటింగులో లేచి గట్టిగా చెప్పాను: టీచర్ ఒకరే, సిలబస్ ఒకటే, మారిందల్లా పిల్లల సంఖ్యే, కాబట్టి తెలుగు మీడియాన్ని కూడా రెండు సెక్షన్లు చేయాలి అని. హెచ్‌ఎం గారు తలూపారు. మా హిందీ పండిట్ మేడమ్ మాత్రం నెమ్మదిగా, “ఆ ముప్పై ఒక్కమంది ఐదో తరగతిలో ఎన్నెన్ని తెచ్చుకున్నారో చూశారా మేడమ్?” అని అడిగారు.

చూడలేదు. మరునాడు ఆ పిల్లలు ఐదో తరగతి దాకా చదివిన బడుల నుంచి వచ్చిన రికార్డులు ముందేసుకుని కూర్చున్నాను. ఇంగ్లిష్ మీడియంలో చేరినవాళ్లలో ఎక్కువమంది ఐదో తరగతిలోనే ముందు వరస పిల్లలు. సెక్షన్ తెరుస్తున్నారని తెలిసి, పనికి సెలవు పెట్టుకుని స్కూలుకొచ్చి సంతకం చేసిన తల్లిదండ్రుల పిల్లలు. రెండు గుంపుల మధ్య 17 మార్కుల తేడా నా క్లాసులోకి అడుగుపెట్టకముందే ఉంది. నా గది చేసిందేమైనా ఉంటే అది మిగిలిన మూడు మార్కుల్లో ఎక్కడో ఉండాలి.

ఇది రెండో వైపు కూడా మోసం చేస్తుంది. పదో తరగతిలో వెనకబడ్డ 18 మందిని వేరు చేసి నాకు అప్పగించారు. పరీక్ష ఫలితాల్లో ఆ గది సగటు అన్నిటికంటే కింద. ఆ అంకె ఒక్కటే చూసినవాడు ‘తక్కువమంది ఉంటే చదువు దెబ్బతింటుంది’ అని రాసేయగలడు. హైదరాబాద్‌లో స్కూళ్లను పోల్చితే ఇలాంటిదే జరుగుతుంది. పేరున్న స్కూలుకు జనం ఎగబడతారు, గదులు నిండిపోతాయి. పేరు లేని స్కూల్లో గదికి 15 మందే ఉంటారు. కిక్కిరిసిన గదుల్లోనే మార్కులు ఎక్కువ కనిపిస్తాయి. కిక్కిరిసినందువల్ల వచ్చిన మార్కులు కావవి.

అందుకని ఎవరు ఏ లెక్క చూపించినా ఒకటే ప్రశ్న వేయండి: ఈ గదిలో తక్కువమంది ఎందుకున్నారు? ఆ కారణానికీ, పిల్లల తెలివికీ, ఇంటి పరిస్థితికీ సంబంధం ఉంటే ఆ పోలికను పక్కన పెట్టండి. సంబంధం లేకపోతే జాగ్రత్తగా చదవండి.

లాటరీ వేసినచోట ఏం తేలింది

సంబంధం లేకుండా చేసే సులువైన మార్గం లాటరీ. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం 1985లో అలాంటి పెద్ద ప్రయోగం చేసింది. దాని పేరు స్టార్. 79 స్కూళ్లలో కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి దాకా నాలుగేళ్లు నడిచింది. మొత్తం మీద 11,600 మంది పిల్లలు అందులో పాల్గొన్నారు. ఒక్కో స్కూల్లో మూడు రకాల తరగతులు: 13 నుంచి 17 మంది ఉన్నవి, 22 నుంచి 25 మంది ఉన్నవి, 22 నుంచి 25 మందికి టీచరుతో పాటు ఒక సహాయకురాలు ఉన్నవి. ఏ పిల్లవాడు ఏ గదికి వెళ్లాలో, ఏ టీచర్ ఏ గదికి వెళ్లాలో లాటరీయే నిర్ణయించింది. సిఫారసులకు చోటు లేదు.

చిన్న తరగతుల పిల్లలు ముందుకొచ్చారు. తేడా సుమారు 0.2 ప్రామాణిక విచలనం. ఈ మాట విని చాలామంది అక్కడే చదవడం ఆపేస్తారు. దాన్ని ఇలా అర్థం చేసుకోండి. వందమంది పిల్లల్ని మార్కుల ప్రకారం వరసలో నిలబెట్టండి. సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లవాడి వెనక 50 మంది ఉంటారు. 0.2 పెరిగితే ఆ పిల్లవాడు అదే వరసలో 58 మందిని దాటి నిలబడతాడు. కొట్టిపారేసేది కాదు, అద్భుతమూ కాదు. నల్లజాతి పిల్లల్లో, పేద ఇళ్ల పిల్లల్లో లాభం ఇంకా ఎక్కువ. సహాయకురాలిని పెట్టిన పెద్ద తరగతుల్లో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. ‘42 మంది ఉన్నా ఇద్దరు టీచర్లండీ, ఒక అసిస్టెంట్ మేడమ్ ఉంటారు’ అని చెప్పే స్కూళ్లు మన దగ్గర బాగా పెరిగాయి కాబట్టి ఈ ఫలితం గుర్తుపెట్టుకోండి.

పాతికేళ్ల తర్వాత ఆర్థికవేత్త రాజ్ చెట్టి, ఆయన సహచరులు ఆ పిల్లల వివరాలను పన్ను రికార్డులతో కలిపి చూశారు. చిన్న తరగతిలో చదివినవాళ్లు ఇరవయ్యో ఏట కాలేజీలో ఉండే అవకాశం 1.8 శాతం పాయింట్లు ఎక్కువ. 2011లో ఆ పరిశోధన అచ్చయింది. మూడో తరగతి లోపు చదువు అంత దూరం వెంట వస్తుందన్న సంగతి చదివిన రోజు నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

అయినా లాటరీ అన్న మాట వినగానే కళ్లు మూసుకుని నమ్మకూడదు. నడుమ ఎవరెవరు వెళ్లిపోయారో అడగాలి. కిండర్‌గార్టెన్‌లో మొదలుపెట్టినవాళ్లలో నాలుగేళ్లూ ప్రయోగంలో ఉన్నది సగంకన్నా కొంచెం తక్కువే. ఏటా పదిమందిలో ఒకరు ఒక రకం గది నుంచి ఇంకో రకానికి మారారు. పట్టుబట్టి మార్పించుకున్న తల్లిదండ్రులు అక్కడా ఉన్నారు. ఎరిక్ హనుషెక్ అనే ఆర్థికవేత్త ఈ లోపాల్నే ఎత్తిచూపాడు. అలన్ క్రూగర్ అనే ఇంకో ఆర్థికవేత్త 1999లో మొత్తం లెక్కను మళ్లీ చేశాడు. ఎవరు ఎక్కడికి మారినా సరే, మొదట లాటరీలో ఏ గది వచ్చిందో దాన్నే పట్టుకుని పోల్చి చూశాడు. ఫలితం నిలబడింది. మీరు ఏ ప్రయోగం గురించి చదివినా ఈ రెండు సంగతులు వెతకండి: మధ్యలో ఎంతమంది పోయారు, మారినవాళ్లను ఏ గుంపులో లెక్కేశారు.

ఇంకొకటి. ఇక్కడ తగ్గింది 23 నుంచి 15కు. మన శ్రీలత ముందున్నది 42 నుంచి 25కు. ఒకచోట ఏడెనిమిది మందిని తగ్గిస్తే వచ్చిన ఫలితాన్ని తెచ్చి ఇంకోచోట గుణించేయడం కుదరదు. 60ని 50 చేస్తే టీచరు చెప్పే తీరు ఏమీ మారకపోవచ్చు. ‘ఎంత నుంచి ఎంతకు’ అన్నది లేకుండా ‘తగ్గిస్తే మేలు’ అనే వాక్యానికి అర్థం లేదు.

41వ పిల్లవాడు

లాటరీ లేనిచోట కూడా ఒక్కోసారి ఒక నిబంధన లాటరీలా పనిచేస్తుంది. ఇజ్రాయెల్‌లో గదికి 40 మంది మించకూడదన్న నిబంధన ఉండేది. పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడెస్ పెట్టిన నియమంలో దీని మూలం ఉంది. ఒక ఊళ్లో ఐదో తరగతికి 40 మంది వస్తే ఒకటే గది, 40 మంది. 41వ పిల్లవాడు వచ్చాడంటే రెండు గదులు, 20 మంది, 21 మంది. ఆ ఊరి పిల్లలు తెలివైనవాళ్లనో, తల్లిదండ్రులు శ్రద్ధపరులనో గది చీలలేదు. ఒక్క పిల్లవాడు ఎక్కువ పుట్టాడు, అంతే. జాషువా ఆంగ్రిస్ట్, విక్టర్ లావీ ఈ గీతకు అటూ ఇటూ ఉన్న స్కూళ్లను పోల్చి, చిన్న తరగతులకు లాభం ఉందని 1999లో చూపించారు. నేను చదివినవాటిలో నా మనసుకు అందంగా తోచిన పని ఇది.

దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత అదే పరిశోధకులు ఇంకొందరితో కలిసి కొత్త సంవత్సరాల సమాచారంతో మళ్లీ చేశారు. ఈసారి లాభం కనబడలేదు. పైగా గీత దాటిన వెంటనే స్కూళ్ల సంఖ్య అసహజంగా పెరిగి ఉంది. రెండో టీచర్ కోసం లెక్కను 41 దాకా లాగినవాళ్లున్నారన్నమాట. మనకు ఇది కొత్త కాదు. టీచర్ల రేషనలైజేషన్, అంటే పిల్లల సంఖ్యను బట్టి పోస్టులు సర్దడం, వస్తుందంటే పోస్టు నిలబెట్టుకోవడానికి రిజిస్టర్లో 61వ పేరు కోసం తిరిగే స్కూళ్లు నాకు తెలుసు. ఆ టీచర్లను నేను తప్పుబట్టను. కానీ లెక్క చూసేవాళ్లు గీత దగ్గర గుంపు పోగయిందా అని తప్పక చూడాలి. గుంపు ఉంటే ఆ గీత ఇక లాటరీ కాదు.

సొంత ఫలితాన్ని తామే మళ్లీ పరీక్షించి, నిలబడలేదని అచ్చు వేసిన ఆ పరిశోధకుల మీద నాకు గౌరవం పెరిగింది. ఒకే పరిశోధన ఆధారంగా నలభై వేలు ఖర్చు పెట్టకూడదనడానికి ఇది చాలు.

‘ఎక్కువ పరిశోధనలు ఏమంటున్నాయి’ అని తలలు లెక్కపెట్టడం కూడా అంత భద్రం కాదు. హనుషెక్ 59 ప్రచురణల నుంచి 277 అంచనాలు తీసి, ఎక్కువ వాటిలో సంబంధం లేదని చూపాడు. క్రూగర్ వాటిని విప్పి చూస్తే ఒక్కో ప్రచురణ నుంచి 24 అంచనాల దాకా లెక్కలోకి వచ్చాయి. ఒకే మనిషి ఇరవై నాలుగు ఓట్లు వేసినట్టు. ప్రచురణకు సమానంగా విలువ ఇచ్చి లెక్కిస్తే బొమ్మ మారిపోయింది. ‘వందలాది పరిశోధనల సారం’ అని ఎవరైనా చెబితే, ఎన్ని ప్రచురణలు, ఎన్ని అంచనాలు అని అడగండి.

మన నేలకు దగ్గరి సాక్ష్యం

టెన్నెసీలో 23 మంది ఉన్న గది మన దృష్టిలో పెద్ద గదే కాదు. మనకు పనికొచ్చేది మన లాంటి చోట్ల జరిగింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో లాటరీ వేసి 100 స్కూళ్లకు అదనంగా ఒక్కో కాంట్రాక్టు టీచర్‌ను ఇప్పించారు. మనం విద్యావాలంటీర్లు అని పిలిచినవాళ్లే. రెండేళ్ల తర్వాత ఆ స్కూళ్ల పిల్లలు మిగతా వాళ్లకంటే లెక్కల్లో 0.16, భాషలో 0.15 ప్రామాణిక విచలనం ముందున్నారు. శిక్షణ లేని, చాలా తక్కువ జీతం తీసుకునే ఆ వాలంటీర్లు బడికి రాని రోజులు 18 శాతం. రెగ్యులర్ టీచర్లవి 27 శాతం. నేను రెగ్యులర్ టీచర్‌గానే రిటైరయ్యాను, ఈ అంకె రాయడం నాకు తేలిక కాదు. దాచడం ఇంకా కష్టం.

ఇప్పుడు ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. పిల్లలు ముందుకొచ్చింది గదిలో మంది తగ్గినందుకా, వచ్చిన మనిషి రోజూ బడికి వచ్చినందుకా? ఈ రెండింటినీ విడదీసే ప్రయోగం పశ్చిమ కెన్యాలో జరిగింది. ఎస్తేర్ డూఫ్లో, పాస్కలీన్ డ్యూపా, మైకేల్ క్రెమర్ చేశారు. కొన్ని స్కూళ్లకు ఒకటో తరగతి కోసం అదనంగా ఒక కాంట్రాక్టు టీచర్‌ను ఇచ్చారు. తరగతిని రెండుగా చీల్చి, ఎవరు పాత టీచరు దగ్గర ఉండాలో, ఎవరు కొత్త టీచరు దగ్గరికి వెళ్లాలో లాటరీ వేశారు. గదిలో పిల్లల సంఖ్య సగటున 82 నుంచి 44కు పడిపోయింది. ఎంత తేడా! పాత టీచర్ల దగ్గరే ఉండిపోయిన పిల్లల మార్కులు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. కొత్త కాంట్రాక్టు టీచర్ల దగ్గరికి వెళ్లిన పిల్లలవి పెరిగాయి. మంది సగమైనా, ముందున్న మనిషి చేసే పని మారకపోతే పిల్లలకు అందింది ఏమీ లేదు.

ముంబయి, వడోదరల్లో 2001 నుంచి 2003 దాకా ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన బాల్‌సఖి కార్యక్రమం కూడా ఇదే చెప్పింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడ్డ పదిహేను ఇరవై మందిని, చుట్టుపక్కల ఉండే ఒక యువతి రోజూ రెండు గంటలు వేరే కూర్చోబెట్టి, వాళ్లు ఆగిపోయినచోటు నుంచి చెప్పేది. మొదటి ఏడాది పరీక్షల్లో 0.14, రెండో ఏడాది 0.28 ప్రామాణిక విచలనం పెరిగింది. ఆ లాభం బయటికి వెళ్లి చదువుకున్న పిల్లలదే. గదిలో మిగిలినవాళ్లకు ఆ రెండు గంటలూ క్లాసు చిన్నదైంది కదా, వాళ్లలో మార్పు కనబడలేదు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివాకే నాకు నా 18 మంది గది అర్థమైంది. వాళ్లకు నేను పదో తరగతి పాఠమే చెప్పాను. వాళ్లు ఆగిపోయింది ఆరో తరగతి భిన్నాల దగ్గర. మంది తగ్గించారు, పాఠం అదే.

ఒక ప్రయోగం బాగుందని రాష్ట్రమంతా పెడితే ఏమవుతుందో కాలిఫోర్నియా చూసింది. 1996లో మూడో తరగతి దాకా గదికి 20 మందే ఉండాలని డబ్బు కుమ్మరించారు. ఒక్కసారిగా వేలమంది టీచర్లు కావలసొచ్చి పూర్తి అర్హత లేనివాళ్లను, కొత్తవాళ్లను తీసుకున్నారు. పేద పిల్లల బడుల్లో ఉన్న అనుభవజ్ఞులు బాగా ఉన్న పేటలకు మారిపోయారు. చిన్న గది ఇచ్చే లాభంలో కొంత కొత్త టీచరు అనుభవలేమి మింగేసింది. ఒక్కసారిగా నాలుగు బ్రాంచీలు తెరిచి సెక్షన్లు పెంచే స్కూలును చూసినప్పుడు నాకు ఇదే గుర్తొస్తుంది.

సగటు ఊగుతుంది

చిన్న తరగతి సగటును చూసేటప్పుడు ఒక లెక్కల సంగతి. పిల్లల మార్కుల చెదురు, అంటే ప్రామాణిక విచలనం, 15 అనుకోండి. 60 మంది సగటు కేవలం అదృష్టం కొద్దీ సుమారు రెండు మార్కులు అటూ ఇటూ ఊగుతుంది. 20 మంది సగటు మూడున్నర దాకా ఊగుతుంది. అందుకే టెన్త్ ఫలితాల్లో మొదటి వరసలో చిన్న స్కూళ్లు ఎక్కువ కనిపిస్తాయి. అట్టడుగున కూడా అవే. ఫ్లెక్సీ మీద కనబడేది ఒక్క వైపే. కనీసం మూడేళ్ల ఫలితాలు అడగండి. చేరినప్పుడు ఎన్ని మార్కులు, ఇప్పుడు ఎన్ని అన్నది చెప్పగలిగితే ఇంకా మేలు. మధ్యలో టీసీలు తీసుకుని వెళ్లిపోయినవాళ్ల సంఖ్య కూడా అడగండి. తొమ్మిదిలో 60 మంది ఉండి పదిలో 47 మందే పరీక్ష రాస్తే ఆ పదమూడు మందీ ఏమయ్యారు?

ఇక డబ్బు

శ్రీలతతో కాగితం మీద వేయించిన లెక్క ఇది. 25 మంది, ఒక్కొక్కరు నలభై వేలు ఎక్కువ కడితే సెక్షన్‌కు పది లక్షలు. ఒకటో తరగతి టీచరు జీతం నెలకు 25 వేలు అనుకుంటే ఏడాదికి మూడు లక్షలు. ఇంకో గది అద్దె, కరెంటు కలిపినా ఇంకా చాలా మిగులుతుంది. మిగిలింది దేనికి పోతోందో అడిగే హక్కు కట్టేవాళ్లకు ఉంది. స్విమ్మింగ్ పూలుకైతే అలాగే చెప్పాలి. అప్పుడది పూలు ధర, చిన్న క్లాసు ధర కాదు. అదే నలభై వేలతో ఇంకేం చేయొచ్చో కూడా పక్కన రాసుకోమన్నాను. తను కాస్త ముందు ఆఫీసు నుంచి బయల్దేరి, రోజూ అరగంట వాడితో కథలు చదివించడం అందులో ఒకటి. అది డబ్బుతో కొలిచేది కాదని నాకు తెలుసు, అయినా కాగితం మీద ఉండాలి.

స్కూలుకు వెళ్లినప్పుడు

తక్కువమంది ఉండటం పిల్లవాడికి చేరే దారి ఒకటే: టీచరు చేతి సమయం. 64 నోట్‌బుక్కులు, ఒక్కో దానికి మూడు నిమిషాలు అనుకుంటే మూడు గంటల 12 నిమిషాలు. 32 అయితే గంటా 36 నిమిషాలు. మొదటిది నేను ఏ రోజూ పూర్తి చేయలేకపోయాను, టిక్కులు పెట్టి పంపేదాన్ని. రెండోది చేయగలిగాను, తప్పు ఎక్కడ మొదలైందో రాసి పంపేదాన్ని. ఆ మిగిలిన సమయం ఎక్కడికి పోతోందో చూడటమే మీ పని.

అందుకని బ్రోచర్ పక్కన పెట్టి, ఇప్పుడు అక్కడ చదువుతున్న ఒక పిల్లవాడి నోట్‌బుక్ చూపించమని అడగండి. స్కూలు వాళ్లు ఎంచి ఇచ్చేది కాదు, గేటు బయట సాయంత్రం ఒక తల్లిని అడిగితే చూపిస్తారు. ఎర్ర సిరాలో తేదీ ఉందా? టిక్కేనా, మాట కూడా ఉందా? తప్పు దిద్దిన తర్వాత పిల్లవాడు మళ్లీ చేశాడా, దాన్ని మళ్లీ చూశారా? ఐదు పేజీలు తిరగేస్తే చాలు.

పది నిమిషాలు తలుపు దగ్గర నిలబడనిస్తే వెనక బెంచీలో ఉన్న పిల్లల వైపు చూడండి. వాళ్లలో ఎంతమందిని టీచరు పేరుపెట్టి పిలిచిందో లెక్కపెట్టండి. 25 మంది ఉన్నా బోర్డు వైపు తిరిగి రాసుకుంటూ పోయే గది ఉంటుంది. 42 మంది ఉన్నా నలుగురేసి కూర్చుని, ఒక్కో గుంపు దగ్గర టీచరు వంగి మాట్లాడే గది ఉంటుంది.

నిరుడు ఒకటో తరగతి చెప్పిన టీచర్లు ఈ ఏడాది కూడా ఉన్నారా అని అడగండి. ఎంతమంది, ఎన్నేళ్లుగా అని. చేర్పించాక సెక్షన్‌లో 25 దాటితే ఏం చేస్తారో కాగితం మీద రాసిస్తారా అని కూడా. ఆగస్టులో అడ్మిషన్లు పెరిగాక 25 కాస్తా 34 అయిన గదులను మా వీధి పిల్లల దగ్గరే చూశాను.

నా సొంత అభిప్రాయం అడిగితే: ఒకటి, రెండు తరగతుల్లో, ఇంట్లో చదువు చెప్పేవాళ్లు లేని పిల్లలకు, పాతిక లోపు తరగతి కోసం నేను కొట్లాడతాను. పేద ఇళ్ల పిల్లలే ఎక్కువ లాభపడతారని టెన్నెసీ చూపించింది. మన దగ్గర ఆ పిల్లలకే అది దొరకడం లేదు. అమ్మానాన్నలిద్దరూ చదువుకుని, రాత్రి పుస్తకం తీసి కూర్చునే ఇంట్లో 25కీ 38కీ తేడా కంటే, ఎదురుగా ఉన్న టీచరుకూ పక్క గది టీచరుకూ ఉన్న తేడాయే పెద్దదని నా అనుభవం.

శ్రీలత పోయిన శుక్రవారం రెండు స్కూళ్లకూ వెళ్లింది. 25 మంది ఉన్న చోట గేటు బయట ఒకామె ఇంగ్లిష్ నోట్‌బుక్ చూపించిందట, దీపావళి తర్వాత ఎర్ర సిరా లేదు. లెక్కల నోట్‌బుక్ మాత్రం పేజీ పేజీకీ దిద్ది ఉంది. 42 మంది ఉన్న చోట రెండూ దిద్ది ఉన్నాయి, కానీ టిక్కులే. ఒకటో తరగతి టీచర్లు ఎన్నేళ్లుగా ఉన్నారని అడిగితే మొదటి స్కూల్లో ప్రిన్సిపాల్ గారు సోమవారం ఫోన్ చేసి చెబుతామన్నారు. ఈ రోజు గురువారం. రేపు పొద్దున హబ్సిగూడలో మూడో స్కూలు చూడటానికి నన్నూ రమ్మంది, నేను వెళ్తున్నాను.